టర్బో పెట్రోల్ కారు ఊళ్లో ఎంత తాగుతుంది?

చిన్న టర్బో పెట్రోల్ కార్ల మైలేజీ మీద వచ్చిన ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తం. టర్బో అంటే ఇంజన్ పొగ వేగంతో తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని అదనంగా తోసే పరికరం. ఒకే తరహా ప్రశ్నలు ఎక్కువగా ఉండటంతో కొన్నిటిని కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: నాది 1.0 లీటరు, మూడు సిలిండర్ల టర్బో, మాన్యువల్ గేర్లు. కంపెనీ లెక్క లీటరుకు 19 కిలోమీటర్లు. ఆఫీసుకు 15 కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో సరిగ్గా గంట పడుతుంది. 12 దాటడం లేదు. బండిలో ఏదైనా లోపమా?

లోపం ఉండకపోవచ్చు. మీరిచ్చిన వివరాలతోనే లెక్క కట్టి చూద్దాం.

ముందు ఆ 19 ఎక్కడిదో చూడాలి. ప్రయోగశాలలో రోలర్ల మీద, ముందే రాసిపెట్టుకున్న వేగాల పట్టిక ప్రకారం బండిని నడిపితే వచ్చిన అంకె అది. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్న డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షనే తీసుకోండి. అరగంటలో సుమారు 23 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 46.5, ఆగి ఉండే సమయం నూటికి 13 వంతులు. ఏసీ ఆపేసి ఉంటుంది. మీ సగటు వేగం 15. ఆ పరీక్షకూ మీ దారికీ పొంతనే లేదు.

ఇక మీ గంట ప్రయాణం. ఇలాంటి ట్రాఫిక్‌లో గంటకు 24 నిమిషాలు కదలకుండా నిలబడటం మామూలే. ఏసీ వేసుకుని నిలబడ్డ చిన్న ఇంజన్ గంటకు 0.9 లీటరు దాకా తాగుతుంది. అంటే 24 నిమిషాలకు 360 మిల్లీలీటర్లు, ఒక్క అడుగు కదలకుండానే.

రెండోది, ఆగి మళ్లీ బయలుదేరడం. కిలోమీటరుకు మూడుసార్ల చొప్పున 45 సార్లు అనుకుందాం. మీతో కలిపి 1200 కిలోల బండిని సున్నా నుంచి 40 కిలోమీటర్ల వేగానికి తేవడానికి 74 కిలోజౌల్స్ శక్తి కావాలి. లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌల్స్ ఉన్నా, ఊరి నడకలో చక్రాలకు చేరేది అందులో నూటికి 22 వంతులే, అంటే 7 మెగాజౌల్స్. ఆ లెక్కన ఒక్కోసారి బయలుదేరడానికి పదిన్నర మిల్లీలీటర్లు. 45 సార్లకు 475. తర్వాత బ్రేకు తొక్కిన ప్రతిసారీ అదంతా బ్రేకు డిస్కుల వేడిగా పోతుంది.

మూడోది, టైర్ల ఒరిపిడి, బండికి ఎదురొచ్చే గాలి నిరోధం. 15 కిలోమీటర్లకు సుమారు 400 మిల్లీలీటర్లు.

మొత్తం 1235 మిల్లీలీటర్లు. 15ని దానితో భాగిస్తే లీటరుకు 12.1. మీ బండి చెబుతున్నదీ అదే.

ఒక్క సంగతి గమనించారా? ఈ లెక్కలో టర్బో అన్న మాటే రాలేదు. మార్చగలిగినవి మొదటి రెండు పద్దులు. ముందు ఎర్ర సిగ్నల్ కనబడుతూనే ఉంటే 40 దాకా లాగడం దేనికి? 30 దగ్గరే కాలు ఎత్తేస్తే ఆ ఒక్క బయలుదేరడానికి అయ్యే ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 45లో సగం సార్లు ఇలా చేసినా వంద మిల్లీలీటర్లు మిగులుతాయి. అప్పుడు 12.1 కాస్తా 13.2 అవుతుంది.

ప్రశ్న: మా తమ్ముడిది టర్బో లేని 1.2 లీటర్ల కారు. కంపెనీ చెప్పిన మైలేజీ రెండిటికీ దాదాపు ఒకటే. అదే దారిలో వాడికి 14 వస్తోంది, నాకు 11.5. మరి టర్బో వల్లే కదా?

కొంత టర్బో వల్ల, కొంత మీ కుడికాలి వల్ల.

టర్బో ఇంజన్ నిజానికి రెండు ఇంజన్లు. బూస్ట్ (టర్బో తోసే అదనపు గాలి) అడగనంతసేపు అది ఒట్టి 1.0 లీటరు ఇంజన్, తక్కువే తాగుతుంది. బూస్ట్ అడిగారా, ఒకటిన్నర లీటర్ల ఇంజన్‌లా గాలి పీలుస్తుంది, దానికి తగ్గ పెట్రోలూ పడుతుంది. పెట్రోల్‌కూ గాలికీ నిష్పత్తి మారదు. మామూలు నడకలో ఒక గ్రాము పెట్రోల్‌కు 14.7 గ్రాముల గాలి ఉండాల్సిందే. ఎక్కువ గాలి తోసిందంటే ఎక్కువ పెట్రోల్ పోసినట్టే. పూర్తిగా తొక్కి పట్టినప్పుడు టర్బైన్‌నూ (టర్బోలో పొగకు తిరిగే చక్రం), పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ వేడి నుంచి కాపాడటానికి ఇంజన్ కంప్యూటర్ ఇంకా చిక్కగా, 12కు ఒకటి చొప్పున కూడా పోయిస్తుంది. ఊళ్లో ఆ స్థితి రావడం అరుదు, కాబట్టి మీ 11.5కు అది కారణం కాదు.

అసలు కారణాలు రెండు. బూస్ట్‌లో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి అంటుకోవడం) రాకుండా టర్బో ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతారో ఆ అంకె, తగ్గిస్తారు. చాలావాటిలో 9.5 నుంచి 10.5 మధ్య ఉంటుంది. టర్బో లేని కొత్త ఇంజన్లలో 11 నుంచి 13 దాకా పోతుంది. బూస్ట్ లేకుండా మెల్లగా నడిచేటప్పుడు కూడా ఆ తక్కువ నిష్పత్తి నష్టాన్ని టర్బో ఇంజన్ మోయాల్సిందే. దీనికి తోడు ట్రాఫిక్‌లో గాలి ఆడక, టర్బో తోసే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ వేడెక్కుతుంది. లోపలికి వెళ్లే గాలి వేడిగా ఉంటే నాకింగ్ భయంతో కంప్యూటర్ స్పార్కును ఆలస్యం చేస్తుంది. అదే పెట్రోల్‌కు తక్కువ పని జరుగుతుంది.

రెండోది కాలు. సిగ్నల్ పడింది, బండి కదిలింది, 1200 ఆర్‌పీఎం. తొక్కారు, ఊపు లేదు. ఇంకాస్త తొక్కారు. టర్బైన్ వేగం అందుకోవడానికి సెకను పడుతుంది, ఈలోగా పెడల్ సగానికి పైగా దిగిపోయింది. 1800 దగ్గర బూస్ట్ ఒక్కసారిగా వచ్చి పడింది, బండి ఎగిరి ముందు కారు వెనక్కి చేరింది, వెంటనే బ్రేకు. ఇది కిలోమీటరుకు మూడుసార్లు జరుగుతోంది. తమ్ముడి కారులో ఆ ఊపే రాదు కాబట్టి అతను ఈ తప్పు చేయలేడు!

విరుగుడు చిన్నదే. బయలుదేరేటప్పుడు పెడల్‌ను పావు వంతు దగ్గర నొక్కి, కాలు కదపకుండా ఉంచండి. బూస్ట్ దానంతటది మెల్లగా వస్తుంది. 2000 నుంచి 2200 మధ్య గేరు మార్చండి. స్క్రీన్ మీద బూస్ట్ మీటర్ ఉంటే ఒక వారం దాన్ని చూస్తూ నడపండి, ముల్లు ఎప్పుడు లేస్తోందో కాలికి తెలిసిపోతుంది. ఇలా చేసినా 14 రాకపోవచ్చు. 13 దగ్గరికి వస్తే అది మంచి ఫలితమే.

ప్రశ్న: అయితే ఎప్పుడూ పెద్ద గేరులో, 1100-1200 ఆర్‌పీఎంలోనే నడిపితే ఇంకా కలిసొస్తుంది కదా?

చదును రోడ్డు మీద కాలు తేలిగ్గా ఉంచి 1300-1400లో సాగిపోతే ఇబ్బంది లేదు. ఆ ఆర్‌పీఎంలో ఉండగానే గట్టిగా తొక్కడమే ప్రమాదం. నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే టర్బో ఇంజన్లలో ఇలాంటప్పుడు ఆయిల్, పెట్రోల్ కలిసిన తుంపర స్పార్కుకు ముందే అంటుకోవచ్చు. లో స్పీడ్ ప్రీ ఇగ్నిషన్ అంటారు దీన్ని. ఒక్క గట్టి దెబ్బకు పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిన ఇంజన్లున్నాయి. దీన్ని అరికట్టే గుణం ఉన్న ఆయిల్‌కు డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉంటుంది. 2020లో వచ్చిన ప్రమాణం అది. మీ మాన్యువల్‌లో ఉన్న చిక్కదనంలోనే ఆ గుర్తు ఉన్నది పోయించండి. ఊపు కావాలంటే ముందు గేరు దించండి, తర్వాత తొక్కండి.

ప్రశ్న: ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్ చేస్తే పెట్రోల్ మిగులుతుందా?

మిగలదు, పైగా ఖర్చవుతుంది. గేరులో ఉంచి కాలు ఎత్తేస్తే ఇంజన్‌ను చక్రాలే తిప్పుతాయి, ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి. ఖర్చు సున్నా. ఆర్‌పీఎం దాదాపు 1200 కిందికి వచ్చాకే మళ్లీ తెరుచుకుంటాయి. న్యూట్రల్‌లో ఇంజన్ తనంతట తాను తిరగాలి, అందుకు పెట్రోల్ పోయాలి. ఇంజన్ బ్రేకింగ్ పోవడం వేరే నష్టం.

ప్రశ్న: కారు స్క్రీన్ 13.8 చూపిస్తోంది. బంకు లెక్కన 12.5 వస్తోంది. ఏది నమ్మాలి?

బంకు లెక్క, అదీ సరిగ్గా కడితేనే. స్క్రీన్‌లోని అంకె ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కట్టిన అంచనా. నూటికి అయిదు నుంచి పది వంతులు ఎక్కువ చూపడం సాధారణం. మీ తేడా పది వంతులు, ఆ పరిధిలోనే ఉంది.

కొలిచే పద్ధతి ఇది. ఒకే బంకు, వీలైతే ఒకే పంపు, బండి అదే దిక్కుకు నిలిపి, నాజిల్ మొదటిసారి టక్కున ఆగగానే ఆపించండి. ట్రిప్ మీటర్ సున్నా చేయండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక అదే పద్ధతిలో నింపించి, కిలోమీటర్లను లీటర్లతో భాగించండి. నాజిల్ ఆగాక రౌండ్ ఫిగర్ కోసం మెడ దాకా పోయించొద్దు. లెక్క చెడటం ఒకటి, పెట్రోల్ ఆవిరిని పట్టే బొగ్గు క్యానిస్టర్‌లోకి ద్రవం పోతే అది పాడవడం మరొకటి.

ఒక్క ట్యాంకును నమ్మొద్దు, మూడు కలపండి. కలపడంలోనే చాలామంది తప్పు చేస్తారు. మొదటి ట్యాంకు 420 కిలోమీటర్లకు 30 లీటర్లు, అంటే 14. రెండోది 300 కిలోమీటర్లకు 30 లీటర్లు, అంటే 10. సగటు 12 సరే, ఎందుకంటే లీటర్లు సమానం. అదే రెండోసారి 400 కిలోమీటర్లకు 40 లీటర్లు పట్టిందనుకోండి. ఒక్కోదాని అంకె అదే 14, 10. కానీ అసలు సగటు 820ని 70తో భాగిస్తే 11.7. మైలేజీలను కూడకండి, కిలోమీటర్లను విడిగా, లీటర్లను విడిగా కూడండి.

ప్రశ్న: ఖరీదైన 95 ఆక్టేన్ పోయిస్తే ఊళ్లో మైలేజీ పెరుగుతుందా? ఇథనాల్ కలిపిన పెట్రోల్ వల్ల ఎంత తగ్గుతుంది?

ఆక్టేన్ అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, శక్తి కాదు. మాన్యువల్‌లో 91 చాలంటే, ఊరి నడకలో 95 పోసిన తేడా కొలతకు అందదు. 95 సిఫారసు చేసిన ఇంజన్లో 91 పోస్తే మాత్రం బూస్ట్ వచ్చినప్పుడల్లా స్పార్కు వెనక్కి జరుగుతుంది. వేడి ఎక్కువైన రోజుల్లో, ఎత్తులు ఎక్కేటప్పుడు ఆ నష్టం తెలుస్తుంది.

ఇథనాల్ లెక్క సూటిగా ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌల్స్, పెట్రోల్‌లో 32. పదో వంతు కలిపితే లీటరుకు శక్తి మూడు శాతం పైచిలుకు తగ్గుతుంది. ఐదో వంతు కలిపితే దాదాపు ఏడు శాతం. 12.5 వచ్చే బండికి 11.6 రావాలి. ఇథనాల్ ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు సిలిండర్‌ను చల్లబరుస్తుంది. కాబట్టి దానికి తగ్గట్టు తయారైన టర్బో ఇంజన్ ఆ నష్టంలో కొంత రాబట్టుకుంటుంది. ఇథనాల్ కలిపినందుకే 12.5 కాస్తా 9కి పడిపోయిందంటే నమ్మకండి, వేరే ఏదో ఉంది.

ప్రశ్న: సరిగ్గా అలాగే జరిగింది! రెండు నెలల కిందటి దాకా 12.5 వచ్చేది, ఇప్పుడు 9. దారి మారలేదు. చెక్ ఇంజన్ లైటు లేదు. సర్వీసులో "అన్నీ బాగున్నాయి" అంటున్నారు.

దారి మారకపోయినా, రెండు నెలల్లో ఎండలు ముదిరాయా, రోడ్డు పనులు మొదలయ్యాయా చూసుకోండి. ట్రిప్ సగటు వేగం 18 నుంచి 13కు పడితే మైలేజీ దానితోపాటే పడుతుంది. అది కాదనుకుంటే ఈ వరసలో వెళ్లండి.

ఖర్చు లేని పరీక్షతో మొదలుపెడదాం. బండి చల్లగా ఉన్నప్పుడు టైర్ల గాలి చూడండి. తర్వాత బ్రేకులు తక్కువ వాడుతూ పది కిలోమీటర్లు నడిపి, ఆపి, ఒక్కో చక్రం దగ్గర అరచేతి వెనక భాగం పెట్టి వేడి చూడండి, తాకొద్దు. మూడు చక్రాలు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలుతుంటే ఆ బ్రేకు కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) పట్టేసి ఉంది. స్లైడ్ పిన్నులు తుప్పు పట్టడమే ఎక్కువసార్లు కారణం. శుభ్రం చేసి గ్రీజు పెడితే సరిపోతుంది.

తర్వాత థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు. ఇది తెరుచుకుని ఉండిపోతే ఇంజన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ఇంకా చల్లగానే ఉన్నాననుకుని ఎక్కువ పెట్రోల్ పోయించుకుంటుంది. డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మొద్దు. 75 డిగ్రీలకైనా 100కైనా చాలా కార్లలో అది మధ్యలోనే కూర్చుంటుంది. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే పరికరం) పెట్టి కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. పావుగంట నడిపాక 85 దాటాలి. 70 దగ్గర తచ్చాడుతూ, ఖాళీ రోడ్డు మీద వేగం పెరిగితే ఇంకా తగ్గుతుంటే థర్మోస్టాట్ పోయినట్టే. ఈ లోపాన్ని చెప్పే పి0128 కోడ్ తర్వాత ఎప్పటికో వస్తుంది, లైటు వెలగలేదని ఊరుకోవద్దు.

స్కానర్ చేతిలో ఉండగానే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ తన లెక్క కన్నా పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి. అయిదు శాతం అటూ ఇటూ మామూలు. పది దాటిందంటే వెతకాలి. మైనస్ వైపు పోతే ఎక్కడో లెక్కలో లేని పెట్రోల్ చేరుతోంది. కారే ఇంజెక్టర్, తెరుచుకుని ఉండిపోయిన పర్జ్ వాల్వు (ట్యాంకు ఆవిరిని ఇంజన్‌కు పంపేది), ఆయిల్‌లో కలిసిన పెట్రోల్, వీటిలో ఒకటి. ఐడిల్‌లో ప్లస్ ఎక్కువగా ఉండి 2500 ఆర్‌పీఎంలో తగ్గితే ఇన్‌టేక్ వైపు గాలి లీకు.

టర్బో కార్లకే ప్రత్యేకమైనది బూస్ట్ లీకు. ఇంటర్‌కూలర్‌కు వచ్చే, పోయే గొట్టాల క్లిప్పు వదులైతే టర్బో తోసిన గాలి మధ్యలోనే బయటికి పోతుంది. గాలిని ముందే కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండి, ఆ పోయిన గాలికీ పెట్రోల్ పోసేస్తుంది. పీడనం కొలిచే సెన్సర్ మాత్రమే ఉన్న బండిలో మిశ్రమం చెడదు. అనుకున్న ఊపు కోసం టర్బో ఎక్కువ తిరగాల్సి వస్తుంది, మీరు ఎక్కువ తొక్కాల్సి వస్తుంది. గుర్తు పట్టడం ఎలా? తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం, గొట్టం అతుకు చుట్టూ నల్లటి నూనె జిడ్డు. పదహారు అణాల సాక్ష్యం ఆ జిడ్డే.

చివరగా స్పార్కు ప్లగ్గులు. టర్బోకు గ్యాప్ చిన్నది, సాధారణంగా 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు. టర్బో లేని ఇంజన్‌కు వాడే ప్లగ్గులు ఎవరో బిగిస్తే బూస్ట్‌లో స్పార్కు ఆరిపోతుంది. ఎయిర్ ఫిల్టర్‌ను మాత్రం ముందే నిందించకండి. మురికి ఫిల్టర్ ఊపును తగ్గిస్తుంది కానీ ఇప్పటి ఇంజన్లలో 12.5ను 9 చేయలేదు.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగే సదుపాయం ఉంది. టర్బో పాడవుతుందని ఆపేసుకున్నాను. సరేనా?

అక్కర్లేదు, ఆన్ చేసుకోండి. హైవే మీద గంటసేపు దంచి వెంటనే ఆపితేనే టర్బోలో ఆయిల్ మాడే భయం. ఊరి సిగ్నల్ దగ్గర టర్బైన్‌కు అంత వేడి ఉండదు. పది సెకన్లకు మించి నిలబడితే ఆపడమే లాభం. మొదటి ప్రశ్నలోని 360 మిల్లీలీటర్లలో 150 దాకా ఇక్కడే మిగలొచ్చు. ఏసీ అవసరమైతే ఇంజన్ మళ్లీ లేస్తుంది, కాబట్టి ఎండలో తక్కువ. బ్యాటరీ బలహీనమైతే ఈ సదుపాయం నోరు మెదపకుండా మానేస్తుంది. మైలేజీ అర కిలోమీటరు తగ్గి, సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగడం లేదని గమనిస్తే ముందు బ్యాటరీ పరీక్ష చేయించండి.

ప్రశ్న: రోజూ మూడు కిలోమీటర్లు వెళ్లడం, మూడు కిలోమీటర్లు రావడం. 8 వస్తోంది.

వస్తుంది మరి. చల్లని ఇంజన్ మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు ఒకటిన్నర రెట్లు తాగడం మామూలే, మీ ప్రయాణంలో ఎక్కువ భాగం ఆ ఒకటి రెండులోనే అయిపోతోంది. మైలేజీ కన్నా ఆయిల్ గురించి ఆలోచించండి. చల్లని సిలిండర్ గోడలకు అంటిన పెట్రోల్ ఆయిల్‌లోకి జారుతుంది, వేడెక్కితేనే ఆవిరవుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం తగ్గకుండా పెరుగుతూ, పెట్రోల్ వాసన వస్తుంటే అదే. వారానికోసారి అరగంట ఆపకుండా నడపండి. ఆయిల్‌ను మాన్యువల్‌లో 'కఠిన వాడకం' కింద రాసిన గడువుకే మార్పించండి.

ప్రశ్న: లైటర్ సాకెట్‌లో పెట్టే పెట్రోల్ సేవర్ పనిచేస్తుందా?

దాని లైటు వెలుగుతుంది.

ప్రశ్న: నెలకు 600 కిలోమీటర్లు, అన్నీ ఊళ్లోనే. టర్బో ఆటోమేటిక్ కొనాలనుకుంటున్నాను. మైలేజీ దృష్ట్యా మీ సలహా?

మైలేజీ ఒక్కటే కొలమానమైతే టర్బో మీ పనికి సరైన పనిముట్టు కాదు. మొదటి లెక్కలో బ్రేకుల వేడిగా పోయిన 475 మిల్లీలీటర్లు చూశారుగా, పూర్తి హైబ్రిడ్ అందులో కొంత బ్యాటరీలోకి తిరిగి రాబడుతుంది, ట్రాఫిక్‌లో ఇంజన్ ఎక్కువసేపు ఆగే ఉంటుంది. టర్బో మొదటిది చేయలేదు, రెండోది సిగ్నల్ దగ్గర కొంతవరకే. దాని సత్తా ఓవర్‌టేక్‌లో, ఘాట్ రోడ్డు మీద, నలుగురు ఎక్కి ఏసీ వేసినప్పుడు.

అయినా టర్బోనే కావాలంటే గేర్‌బాక్స్ చూసి కొనండి. టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ద్రవంతో శక్తి అందించే ఆటోమేటిక్) పాకుతూ నడిచే ట్రాఫిక్‌లో సుకుమారంగా ఉంటుంది, కాస్త ఎక్కువ తాగుతుంది. సీవీటీ (గేర్ల మెట్లు లేని ఆటోమేటిక్) ఇంజన్‌ను తక్కువ ఆర్‌పీఎంలో ఉంచుతుంది, ఊళ్లో మైలేజీ బాగుంటుంది. డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) కాగితం మీద అన్నిటికన్నా పొదుపు, కానీ అంగుళం అంగుళం కదిలేచోట క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. దానితో నడిపేటప్పుడు ముందు కారుకు రెండు కార్ల ఎడం రానిచ్చి, ఒకేసారి కదిలి, పూర్తిగా ఆగాలి.

టెస్ట్ డ్రైవ్‌కు ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్తామంటారు, ఒప్పుకోకండి. సాయంత్రం ఆరు గంటలకు, ఏసీ వేసి, మీరు రోజూ వెళ్లే దారిలో అడగండి. ట్రిప్ మీటర్ సున్నా చేసి, కనీసం అరగంట నడిపి, స్క్రీన్ చూపిన అంకెలోంచి పదో వంతు తీసేయండి.